తిర్జా ముత్తవ్వ పద్నాలుగు పెళ్ళిళ్ళు

మా అత్తగారికి ఇద్దరు మొగుళ్ళు. ఇద్దరూ స్వర్గంలోనే ఉన్నారు. చిక్కంతా అక్కడే.

మొదటాయన రీడ్ ఆల్రెడ్. అత్తయ్యను మాంటై ఊళ్ళోని మా చర్చి ఆలయంలో పెళ్ళాడి, పదకొండు వారాలు కాపురం చేసి, కొరియా యుద్ధానికి వెళ్ళి, తిరిగి రాలేదు. అప్పటికి ఆయనకు ఇరవై రెండేళ్ళు. మూడేళ్ళ తరవాత వచ్చినాయన ఓర్వల్ థోరప్, మా మామగారు. టర్కీ కోళ్ళు పెంచేవాడు. ఆమెతో నలభై తొమ్మిదేళ్ళు కాపురం చేసి, నలుగురు పిల్లల్ని పెంచి, మొన్న ఫిబ్రవరిలో మంచు తొలగిస్తూ గుమ్మం ముందే కూలిపోయాడు.

మా వాళ్ళలో ఆలయంలో వేసిన ముడి చావుతో తెగదు. ఈ లోకానికీ పై లోకానికీ కలిపి వేసే ముడి అది. పెళ్ళాం పోయిన మగవాడు ఇంకొకామెతో మళ్ళీ అలాంటి ముడి వేయించుకోవచ్చు. ఆడది మాత్రం బతికి ఉండగా ఒక్కరితోనే. అత్తయ్య ముడి రీడ్‌తో పడిపోయింది కనక, మామయ్యతో ఆమె పెళ్ళి ఈ లోకం వరకే జరిగింది. ఫిబ్రవరిలో ఆయన ఆఖరి ఊపిరితో ఆ పెళ్ళికి గడువు తీరిపోయింది. పైగా తల్లి ముడి ఎటుంటే పిల్లలూ అటే. కనక మా ఆయన వెల్డన్, ముక్కు దగ్గరనుంచి మొండితనం దాకా అచ్చం ఓర్వల్ పోలికే అయినా, పై లోకంలో మాత్రం రీడ్ కొడుకు.

మా ఇంట్లో ఈ సంగతి అందరికీ తెలుసు. ఎవరూ మాట్లాడరు. జెల్లీలో క్యారట్ తురుము ఎందుకు వేస్తామో కూడా ఎవరూ మాట్లాడరు. కొన్ని అలా జరిగిపోతుంటాయి.

మే నెలలో ఒక ఆదివారం, భోజనాల దగ్గర అత్తయ్య చెంచా కింద పెట్టి, "నన్ను నావూ తీసుకెళ్ళండి," అంది.

నావూ అంటే ఇల్లినాయిలో మిసిసిపీ ఒడ్డున మా పూర్వీకులు కట్టుకుని, తరిమేస్తే వదిలేసి వచ్చిన ఊరు. కాలిపోయిన అక్కడి ఆలయాన్ని పోయినేడే మళ్ళీ కట్టారు. మొగుడు పోయిన మనిషి, పుణ్యక్షేత్రానికి వెళ్తానంటోంది, కాదనేదెవరు? వెల్డన్ కళ్ళు తుడుచుకున్నాడు. ఆ పైన వెంటనే పటం తీశాడు. కౌంటీలో సర్వేయరు ఆయన. మా ఊరు ఎఫ్రయిమ్ నుంచి నావూ దాకా పదమూడు వందల మైళ్ళలో ఏ పవిత్ర స్థలం దగ్గర ఎన్ని నిమిషాలు ఆగాలో కాగితం మీద వేసి, దానికి ప్లాస్టిక్ తొడుగు కూడా చేయించాడు.

"బాత్రూముకి వేరే టైము లేదేంటి నాన్నా?" అంది మా పదకొండేళ్ళ కెంజ్లీ ఆ కాగితం చూసి.

"పవిత్ర స్థలాల్లో ఉంటాయమ్మా, చక్కటివి," అన్నాడు.

జూన్‌లో బయలుదేరాం. నేనూ, వెల్డనూ, అత్తయ్యా, కెంజ్లీ. వ్యాన్‌లో ట్యూనా శాండ్‌విచ్‌లు, నా ఫ్లాస్కులో మా చర్చి పెద్దలు మెచ్చని కోలా. అది కోలా అని అత్తయ్యకు తెలుసు. తనకు తెలుసని నాకు తెలుసు. పందొమ్మిదేళ్ళుగా దాన్ని మేం నా పేరు పెట్టి 'కోరలీ మందు' అనుకుంటున్నాం.

వయోమింగ్‌లో స్వీట్‌వాటర్ నది ఒడ్డున ఆగేదాకా నాకు అనుమానం రాలేదు. చేతిబళ్ళు లాక్కుంటూ వచ్చిన మా వాళ్ళు మంచులో చిక్కుకుని పోయిన చోటు అది. అత్తయ్యకు రోడ్డు పక్కన ఏ శిలాఫలకం కనబడినా చాలు, బండి ఆపించి చదివి, ఏడ్చి, మళ్ళీ ఎక్కే అలవాటు. ఒకసారి పాల సొసైటీ శంకుస్థాపన ఫలకానికి కూడా ఏడ్చింది. అలాంటి మనిషి ఆ రోజు వ్యాన్ దిగలేదు.

"నానమ్మా, దిగవా? ఇక్కడే కదా అందరూ చచ్చిపోయింది!" కెంజ్లీ ఉత్సాహంగా అడిగింది.

"పాపం, చలికి పోయారు. వాళ్ళ సంగతి తెలిసిందేగా," అంది అత్తయ్య, సీటు బెల్టు తీయకుండానే. "మీ నాన్నని త్వరగా చూసి రమ్మను."

ఒమాహా దగ్గర, మా వాళ్ళు తరిమివేత తరవాత తొలి చలికాలం గడిపిన చోటా అదే తంతు. శ్మశానం గేటు దగ్గర నిలబడి, "ఇక్కడ ఆవిడ లేదు," అని వచ్చేసింది. ఎవరు లేరు? ఎవరి కోసం వెతుకుతోంది? నేను మంచిదాన్నే కానీ చదువుకున్నదాన్ని. ఎదురుగా కాగితం ఉంటే చదవకుండా ఉండలేను. మర్నాడు పొద్దున అయోవాలో ఒక మోటెల్లో, ఆమె టోస్టుకు వెన్న రాసుకుంటుండగా, చేతిసంచీలోంచి పైకి తొంగిచూస్తున్న కాగితాన్ని తలకిందులుగానే చదివేశాను. మా వంశవృక్షాల కాగితమే. మధ్యలో తిర్జా అని ఒక పేరు. ఆ పేరుకు ఇటు అమాసా పెల్, అటు జారెడ్ టకెట్. రెంటికీ నడుమ ఎర్ర పెన్సిలుతో ఒక పెద్ద ప్రశ్నార్థకం.

"మెడ నొప్పెడుతుంది," అంది అత్తయ్య తలెత్తకుండా. "ఇటు తిప్పుకుని చదువు."

తిప్పుకున్నాను. వెల్డనూ కెంజ్లీ దోసెల్లా వాఫిళ్ళు పోసే యంత్రం ముందు వరసలో ఉన్నారు.

"మా ముత్తవ్వ," అంది. "మొదటి మొగుడు అమాసా మిసోరీలో మనవాళ్ళని వెళ్ళగొట్టినప్పుడు పోయాడు. నావూ వచ్చి జారెడ్‌ని చేసుకుంది. అక్కడ ఆలయం పైకప్పు వేసీ వేయగానే, తరిమేసేలోపు అందరికీ ముళ్ళు వేసేశారుగా, పద్ధెనిమిది వందల నలభై ఆరు చలికాలంలో? ఈవిడ వంతూ వచ్చింది. పోయినాయనా? ఉన్నాయనా? ఒక్కరే."

"ఎవరని చెప్పిందావిడ?"

"అదే తెలియదు. ఆ రోజు వెళ్ళిందని మా అమ్మ చెప్పేది. ఏమందో ఎవరికీ తెలియదు." టోస్టును నాలుగు ముక్కలు చేసి ఒక్కటీ తినలేదు. "యాభై రెండేళ్ళుగా నా కోసం కాచుకుని ఉన్నాడు కోరలీ ఆ పిల్లాడు. పదకొండు వారాల కాపురానికి యాభై రెండేళ్ళు! కాదంటే నేను మనిషినేనా? కాదనకపోతే..." అని ఆగింది. "ఓర్వల్‌కి కాచుకోవడం చేతకాదు. చర్చిలో ముగింపు ప్రార్థన అయ్యేలోపు వెళ్ళి కారు స్టార్టు చేసేవాడు."

అప్పుడు తెలిసింది నాకు, మేం వెళ్తున్నది ఆలయం చూడటానికి కాదని. తన పీటముడి లాంటిదే తన ముత్తవ్వకూ పడింది. దాన్ని ఆవిడ ఎలా విప్పిందో అడగడానికి వెళ్తున్నాం, పోయిన నూట పదేళ్ళకి.

"వెల్డన్‌తో చెప్పలేకపోయారా?"

"వాడు బిషప్‌ని అడిగొస్తానంటాడు. వాడు పన్నెండేళ్ళప్పుడే అడిగాడు, 'నేనెవరి కొడుకుని?' అని. 'దేవుడు చూసుకుంటాడు నాయనా' అన్నాట్ట ఆయన. ఆ రోజునుంచీ వీడు మళ్ళీ ఎవర్నీ అడగలేదు. నన్ను కూడా."

వాఫిళ్ళతో తండ్రీకూతుళ్ళు వచ్చారు. కాగితం సంచీలోకి పోయింది. "ఏంటి మాట్లాడుకుంటున్నారు?" అన్నాడు వెల్డన్. "నా మెడ నొప్పి గురించి," అన్నాను.

నావూలో వెల్డన్ కాగితం ప్రకారం తొలి గంట ఎడ్లబండి సవారీకి, రెండో గంట ఇటుకల బట్టీకి. తండ్రీకూతుళ్ళను అటు పంపి, మేమిద్దరం పాత భూముల కాగితాలూ మనుషుల కాగితాలూ చూపించే ఆఫీసుకు వెళ్ళాం. అక్కడ మా చర్చి తరఫున సేవకు వచ్చిన ముసలి దంపతులు ఉన్నారు, ఐడహోలో బంగాళాదుంపలు పండించి రిటైరైన విమ్మర్లు. మాలో మతప్రచారానికి ఊరూరా తిరిగే పందొమ్మిదేళ్ళ కుర్రాడూ ఎల్డరే, అంటే పెద్దాయనే, డెబ్భై నాలుగేళ్ళ విమ్మరూ ఎల్డరే. కుర్రాళ్ళు సైకిలు తొక్కుతారు, ఈయన కుర్చీలో కునుకు తీస్తున్నాడు. పని చేసేది సిస్టర్ విమ్మర్.

"ఎవరు కావాలి సిస్టర్?" అంది కంప్యూటరు ముందుకు జరిగి.

"తిర్జా. తిర్జా పెల్, ఆ తరవాత టకెట్."

కీలు టకటకలాడాయి. సిస్టర్ విమ్మర్ కళ్ళజోడు పైకి తోసింది. కిందికి దించింది. "ఓరి దేవుడా!" అంది.

"దొరకలేదా?"

"దొరకడమా! అక్కర్లేనంత దొరికింది. మీ ముత్తవ్వకి ఎన్ని సార్లు ముడి వేశారో తెలుసా? ఉండండి లెక్కపెడతాను."

పోయినవాళ్ళ పేరు మీద బతికున్నవాళ్ళు ఆలయంలో నిలబడి ఆ పని జరిపించడం మా వాళ్ళకి మామూలే. పిన్ని చేయించిందని పెద్దమ్మకు తెలియదు, పెద్దమ్మ చేయించిందని అరిజోనాలో ఉన్న బాబాయికి తెలియదు. పేరులో ఒక అక్షరం మారితే కొత్త మనిషి అనుకుని మళ్ళీ చేయిస్తారు. మా వైపు ఒకాయనకు ఇలా పోయాక అయిదుసార్లు బాప్టిజం అయింది. బతికుండగా ఆయన స్నానానికే బద్ధకించేవాడట.

"పద్నాలుగు," అంది సిస్టర్ విమ్మర్. "తొమ్మిది సార్లు అమాసాతో. అయిదు సార్లు జారెడ్‌తో."

ఎల్డర్ విమ్మర్ కళ్ళు తెరిచాడు. "ఒకసారి గట్టిగా బిగిస్తే పోయేదిగా, అన్నిసార్లెందుకు?"

"నువ్వు మాట్లాడకు. ముందు నీ బూటు లేసు కట్టుకో," అంది ఆమె. నిజంగానే ఊడిపోయి ఉంది.

నాకు నవ్వాగలేదు. చచ్చి నూట పదేళ్ళు, పద్నాలుగు పెళ్ళిళ్ళు. అత్తయ్య నవ్వలేదు.

"ఆ తొమ్మిదిలో ఒకటి నాదే," అంది. "డెబ్భై రెండులో, మాంటైలో. అమాసాతో వేయించాను. మొదటి మొగుడు కదా, అదే న్యాయం అనుకున్నా. ఆవిడ బదులు నేనే మోకాళ్ళ మీద కూర్చున్నా. ఆవిణ్ణి అడగాలని తోచనే లేదు. నన్ను ఎవరైనా అడిగారా ఏం!"

సిస్టర్ విమ్మర్‌కు ఏమర్థమైందో గానీ గొంతు తగ్గించింది. "ఇప్పుడు రూలు మారిందమ్మా. పోయినావిడకి, పెళ్ళాడిన వాళ్ళందరితోనూ ముడి వేయొచ్చు. పైన ఆవిడే చూసుకుంటుంది ఎవరు కావాలో."

"తెలుసమ్మా, అయిదేళ్ళ నుంచీ తెలుసు. రూలు కోసమైతే ఇంత దూరం రానక్కర్లేదు, మా వీధి చివర బిషప్ చెప్తాడు. ఆవిడ తన నోటితో ఏమందో కావాలి నాకు."

సిస్టర్ విమ్మర్ కాసేపు ఆలోచించి, లోపలి గదిలోకి వెళ్ళింది. వంశస్థులు పంపిన కాగితాల ఫైళ్ళు అక్కడుంటాయట. మేం కూర్చున్నాం. ఎల్డర్ విమ్మర్ వంగి లేసు కట్టుకుంటూ, "మాది యాభై మూడేళ్ళు. ఒకటే ముడి. నన్నూ ఎవరూ అడగలేదు," అని కన్ను గీటాడు. అత్తయ్య నోటి మూల కొంచెం కదిలింది.

పావుగంటకు సిస్టర్ విమ్మర్ మూడు కాగితాలతో వచ్చింది. తిర్జా మనవరాలు ఒకామె పంతొమ్మిది వందల పదకొండులో టైపు చేయించి దాచుకున్నవి, ఆ వైపు వాళ్ళెవరో ఆ మధ్య పంపారు. అత్తయ్య కళ్ళజోడు వెతుక్కుని, దొరక్క, నా చేతికిచ్చింది. "గట్టిగా చదువు."

చదివాను. మొదటి రెండు పేజీలూ ఆవులు, జ్వరాలు, మిసోరీ. మూడో పేజీలో ఇలా ఉంది:

"మా అవ్వ ఆలయానికి వెళ్ళిన రోజు మెట్ల మీద కాలు పెట్టే చోటు లేదట. ఆమె వంతు రాగానే గుమాస్తా కలం సిరాలో ముంచి, సిస్టర్ టకెట్, పోయినాయన కోసమా, ఉన్నాయన కోసమా అని అడిగాడట. జారెడ్ తాత టోపీ చేతిలో పట్టుకుని పక్కనే నిలబడి ఉన్నాడట. అవ్వ ఇద్దరినీ చూసి, పొయ్యిలో రొట్టె పెట్టి మర్చిపోయి వచ్చాను అని చెప్పి, లేచి ఇంటికి వచ్చేసిందట. మూడు వారాలకు గడ్డకట్టిన నది మీదుగా బండి దాటించుకుని వెళ్ళిపోయారు. ఆ తరవాత ముప్ఫై ఏళ్ళు, ఆలయం మాట ఎప్పుడు వచ్చినా తాత, రొట్టె కాలిందా తిర్జా అని అడిగేవాడు. ఇంకా కాలలేదు అనేది అవ్వ. అదేమిటో మాకు అర్థమయ్యేది కాదు. తాత పోయే రోజు పొద్దున కూడా అడిగాడు. అవ్వ ఆయన చెయ్యి పట్టుకుని, కాలింది జారెడ్, అంది. అప్పటికి ఆయన లేచి ఆలయానికి వెళ్ళే స్థితిలో లేడు."

అంతే. ఆ కింద మళ్ళీ ఆవులు.

అత్తయ్య ఏడుస్తుందేమో అని చేతిరుమాలు తీశాను. ఏడవలేదు. బల్ల అంచును వేలితో రుద్దుతూ కూర్చుంది.

"ఆయన అడిగాడు," అంది చివరికి. "చూశావా? ముప్ఫై ఏళ్ళు అడుగుతూనే ఉన్నాడు. ఓర్వల్ ఒక్కసారీ అడగలేదు. పియానో మీద రీడ్ ఫోటో ఉందా, దాని దుమ్ము ఆయనే తుడిచేవాడు శనివారం శనివారం. నన్ను తుడవనిచ్చేవాడు కాదు. అడిగుంటే చెప్పేదాన్నే కదా కోరలీ? అడగందే ఎలా చెప్పను?"

"ఏం చెప్పేవారు?" అన్నాను. పందొమ్మిదేళ్ళుగా ఆ ఇంటి కోడలిని. ఇన్నాళ్ళూ అడగనిదాన్ని, అడిగేశాను.

అత్తయ్య నా వంక చూసింది. "నువ్వు కాదు అడగాల్సింది," అని లేచింది.

సిస్టర్ విమ్మర్ ఆ మూడు పేజీలకూ నకలు తీసి ఇచ్చింది. ఇస్తూ, "పదిహేనోసారి వేయించకండమ్మా," అంది.

వెల్డన్, కెంజ్లీ నదికి పోయే వీధి మొదట్లో ఎదురయ్యారు. కెంజ్లీ చేతిలో బట్టీవాళ్ళిచ్చిన బుల్లి ఇటుక. వెల్డన్ చేతిలో గడియారం. "పదకొండు నిమిషాలు ఆలస్యం," అన్నాడు. "నదిదాకా నడిచి చూసి వచ్చేస్తే సరిపోతుంది. ఈ వీధంటే మనవాళ్ళు బళ్ళు తోలుకుని..."

"తెలుసురా," అంది అత్తయ్య. "నడు."

నడిచాం. మిసిసిపీ ఎండలో గోధుమరంగుగా, తీరిగ్గా పోతోంది. అది గడ్డకట్టిందంటే నమ్మబుద్ధి కాదు. ఒడ్డున బల్ల మీద అత్తయ్య కూర్చుని ఆ కాగితాలు కొడుకు చేతిలో పెట్టింది. మూడో పేజీ చదువుతుంటే అతని చెవులు ఎర్రబడటం చూశాను. మా మామయ్యకూ కళ్ళకంటే ముందు చెవులే ఏడ్చేవి.

"ఇదెందుకమ్మా ఇప్పుడు?" అన్నాడు, కాగితాలు మడిచి.

"ఎప్పుడూ 'ఇదెందుకు ఇప్పుడు' అనే అనుకున్నాం రా అందరం. ఆ తండ్రికి తగ్గ కొడుకువి. అడుగు."

"ఏమడగను?"

"నీకు తెలుసు ఏమడగాలో."

వెల్డన్ నా వంక చూశాడు. నేను నది వంక చూశాను. అలాంటప్పుడు నది చాలా ఉపయోగపడుతుంది. కెంజ్లీ మాత్రం ముగ్గురినీ మార్చి మార్చి చూస్తోంది.

"అమ్మా," అన్నాడు. గొంతు సవరించుకున్నాడు. "నువ్వు... పైన ఎవరితో ఉంటావు?"

"మీ నాన్నతో," అంది అత్తయ్య. ఊపిరి తీసినంత సేపు కూడా ఆగలేదు. "నేను పోయాక నాకూ ఆయనకీ ముడి వేయించు. నువ్వే వేయించు. తమ్ముడికి అప్పగించకు, వాడు మర్చిపోతాడు."

"మరి రీడ్?"

"అది తియ్యొద్దు. అలాగే ఉండనీ. రీడ్‌తో నేనే మాట్లాడతాను. మంచి పిల్లాడు, వింటాడు." కొంగలేవో నది మీద ఎగిరిపోతుంటే అటు చూసింది. "ఇరవై రెండేళ్ళవాడురా. నాకిప్పుడు డెబ్భై మూడు. ఆ పిల్లాణ్ణి నేనేం చేసుకోను? వాడికి కావాల్సింది నేను కాదు, ఓ పూట భోజనం, ఓ మంచి పిల్లా."

కెంజ్లీ పకపకా నవ్వింది. వెల్డన్ కూడా నవ్వబోయి, అది వేరేగా మారితే, అటు తిరిగి నిలబడ్డాడు. కాసేపటికి ఇటు తిరిగాడు. "అప్పుడు నేను ఎవరి..."

"ఒరేయ్, అద్దంలో చూసుకో!"

అతను వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. చొక్కా జేబులోంచి సర్వే కొలతలు రాసుకునే చిన్న పుస్తకం తీశాడు. మా ఆయనకు గుండెలో ఏం జరిగినా జేబులోంచి పుస్తకమే వస్తుంది.

"నువ్వు పోయాక ఏడాది ఆగాలమ్మా. రూలు."

"ఆగండి. నాకేం తొందర లేదు."

"నాన్న పూర్తి పేరు, ఫారంలో ఉండాల్సినట్టు?"

"ఓర్వల్ లమాంట్ థోరప్. నీకు తెలియదేంటి?"

"నువ్వు చెప్పాలి," అన్నాడు వెల్డన్, రాస్తూ.

ఆమెకు అర్థమైంది. ఈసారి నెమ్మదిగా, ప్రతి పేరూ విడివిడిగా చెప్పింది. పుట్టిన తేదీ చెప్పింది. పోయిన తేదీ చెప్పింది. వెల్డన్ పుస్తకం మూయబోతుంటే చేత్తో ఆపింది.

"ఎడమ చెవి వినబడదని రాయి. ఆయన పేరు చదివేటప్పుడు గట్టిగా చదవమను. లేకపోతే ఎవర్నో పిలుస్తున్నారనుకుని అలాగే కూర్చుంటాడు."

"ఫారంలో దానికి గడి లేదమ్మా."

"అయితే పక్కన రాయి."

రాశాడు.